కనూదోస్ భక్తులు: ఒక గ్రంథపరిశీలనము

ఎవుక్లీదెస్ ద కూన్య రచించిన 'ఓస్ సెర్తోయిస్' (1902) బ్రెజిల్ వాఙ్మయమున మహాగ్రంథముగా పరిగణింపబడుచున్నది. అంతోనియో కొన్సెల్యేరో అను సంచారబోధకుడు 1893లో బహియా రాష్ట్రపు కరవుసీమయందు, కనూదోస్ అను చోట, ఒక భక్తసమాజమును నెలకొల్పెను. నాలుగు దండయాత్రల పిమ్మట 1897 అక్టోబరు 5వ తేదీన ప్రభుత్వసైన్యము దానిని రూపుమాపెను. ఇదియే గ్రంథవస్తువు. దీనిని చదివిన పిదప మాకు మిగిలిన ప్రశ్న యొక్కటే: ఆ భక్తులెవరు?

గ్రంథము భూమి, మానవుడు, పోరాటము అని మూడు భాగములు. ఈ క్రమమే ఒక వాదము. భూమి మానవుని నిర్మించును. అట్టి మానవుడు పోరాటమునకు దిగును. నాటి జాతిసిద్ధాంతములను నమ్మిన రచయిత సంకరజాతివారి మనస్సు ఉన్మాదమునకు సులభముగా లొంగునని తలచెను. గురువు రోగి యనియు, శిష్యులకు ఆ రోగము సోకినదనియు ఆయన భావము. అట్లయినచో శిష్యుని గూర్చి విచారింప బనిలేదు. గురువు కళేబరమునుండి ఖండించిన శిరస్సును బహియాలో వైద్యుడు నీనా రోద్రిగెస్ పరీక్షించి, పుఱ్ఱెలో వికృతి యేదియు లేదని తేల్చెను. సిద్ధాంతమునకు ఇంతకంటె పరాభవ మేమి కావలెను?

అయినను 'పోరాటము'న రచయిత కన్ను ఆయన సిద్ధాంతమును జయించినది. పత్రికావిలేఖరిగా వెళ్ళిన ఈయన బందీల కుత్తుకలు కోయుటను దాచలేదు. ఆ దండయాత్రను నేరమనియే నిందించెను. లొంగిపోయిన మూడువందల మంది స్త్రీలను, బాలురను, వృద్ధులను వర్ణించు పుటలలో ఉన్మాదులు కానరారు. ఎముకలగూళ్ళైన మనుష్యులు కానవత్తురు. తుదిదినమున ఒక వృద్ధుడు, ఇద్దరు పురుషులు, ఒక బాలుడు మాత్రమే సైన్యము నెదిరించి నిలిచిరన్న ఘట్టము సుప్రసిద్ధము. కాని రచయిత పతనమునకు ముందే అచ్చోటు విడిచెనని పాఠకుడు మరువరాదు.

గ్రంథమున చాలని దేమన, వారచటి కేల వచ్చిరన్న విచారణ. 1877-79 నాటి ఘోరక్షామము, 1888లో బానిసత్వరద్దుచే విముక్తులైనను భూమి దొరకనివారి దైన్యము, 1889లో ఏర్పడిన రిపబ్లిక్కు విధించిన పన్నులు, చర్చితో పనిలేని వివాహచట్టము: ఇన్నియు వారి వెనుక నుండెను. కొన్సెల్యేరో రెండు దశాబ్దములు ఊరూర తిరిగి శిథిలమైన చర్చిలను, శ్మశానముల గోడలను బాగుచేయించినవాడు. కనూదోస్‌లో గుడిసె, నది, మేకతోళ్ళ వర్తకము, పదిమందితో ప్రార్థన లభించెను. కూలీలు తరలిపోవుచున్నారని భూస్వాములు మొరపెట్టుకొనుట గమనింపదగినది. అట్లని భక్తిని ఆకలికి ముసుగనుటయు పొరపాటే. 1974లో ప్రకటితమైన కొన్సెల్యేరో ప్రవచనములు, రిపబ్లిక్కుపై ద్వేషమును మినహాయించినచో, చాలవరకు సామాన్య కాథలిక్కు బోధలే. వారు వినినది చిన్ననాటినుండి ఎఱిగిన మాటలే గాని విపరీతవాదము కాదు.

1981లో మారియో వర్గాస్ యోసా ఇదే కథను నవలగా వ్రాసి, ద కూన్యకే అంకితమిచ్చెను. అందు ప్రతి శిష్యునకును ఒక పూర్వకథ కలదు. కాని ఘోరపాపులు, బందిపోట్లు, వికృతాంగులు అందు మిక్కుటము. మేకలు కాచుకొను సామాన్యుడు మరల చాటుకే పోయెను.

యుద్ధానంతరము అనాథలైన పిల్లలను సైనికులును ఇతరులును పంచుకొని కొనిపోయిరి. వారిని వెదకి విడిపింపబూనిన బహియా సేవాసంఘ మొకటి 1901లో నివేదిక ప్రకటించినది. పరిశోధకులు 'ఓస్ సెర్తోయిస్'ను ఆ నివేదిక ప్రక్కన నుంచి చదువవలెనని మా మనవి.