వినే వ్రాయసకాడు: ‘ఎక్స్‌పెక్ట్’ ప్రోగ్రాం – గుణదోష విచారణ

తరగతిలో ఉక్తలేఖనం చెప్పే ఉపాధ్యాయుడు ఒక వాక్యం చెప్పి, పిల్లల కలాలు ఆగినవో లేదో చూచి గాని రెండవ వాక్యం ఎత్తుకోడు. చూడకుండా చదువుకుంటూ పోతే సగం మాటలు కాగితం మీదికి రావు. మనిషికి బదులు ఒక ప్రోగ్రాం కూర్చొని మరొక కంప్యూటరుకు మాటలు టైపు చేసి పంపేటప్పుడు ఎదురయ్యే చిక్కు కూడా ఇట్టిదే. అక్షరాలు పంపడం తేలిక. పంపదగిన సమయం వచ్చినదా, ఇంతకుముందు పంపిన మాట సరిగా చేరినదా అని తెలుసుకోవడమే కష్టం. ఈ కష్టాన్ని తీర్చడానికి పుట్టిన సాధనాలలో పేరు పొందినది ‘ఎక్స్‌పెక్ట్’. దాని గుణమేమిటో, దోషమెక్కడ ఉన్నదో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా టెర్మినల్ అంటే ఏమిటో తెలియవలె. పూర్వం కంప్యూటరు ఒకచోట, దానితో పని చేసే మనిషి మరొకచోట ఉండేవారు. మనిషి ముందు మీటల పలక ఉండేది. దానితోపాటు కాగితంపై అచ్చు వేసే యంత్రమో, అక్షరాలు చూపే తెరో ఉండేది. ఈ పరికరాన్నే టెర్మినల్ అంటారు. 1963లో వచ్చిన టెలిటైప్ 33 సెకనుకు 10 అక్షరాలు అచ్చు వేసేది. 1971లో ఐ.బి.యం. సంస్థ 3270 టెర్మినల్‌ను తెచ్చినది. బాగా వాడుకలోకి వచ్చిన దాని నమూనాలో, వరుసకు 80 చొప్పున 24 వరుసలలో 1920 అక్షరాలు పట్టేవి. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వి.టి. 100ను విడుదల చేసినది. ఆ పరికరాలు మూలపడినా, వాటి కోసం వ్రాసిన ప్రోగ్రాములు కొన్ని కార్యాలయాలలో ఇంకా నడుస్తున్నవి. నేటి కంప్యూటరులోని ఒక ప్రోగ్రాం ఆ పాత టెర్మినల్ వేషం వేసుకొని వాటితో సంభాషిస్తుంది.

ఈ సంభాషణ ప్రశ్నోత్తరాల రూపంలో జరుగుతుంది. పేరేమిటి, పాస్‌వర్డు ఏమిటి, ఈ ఫైలు తీసివేయవచ్చునా అని అవతలి ప్రోగ్రాం అడుగుతుంది. మనిషి జవాబు టైపు చేస్తాడు. అవే ప్రశ్నలకు అవే జవాబులు రోజూ టైపు చేసేవారికి, ఆ పని యంత్రానికి అప్పగించాలని తోచడం సహజం.

మొదట తోచే ఉపాయం జవాబులన్నీ వరుసగా ఒక ఫైలులో వ్రాసి ఒక్కమారు పంపడం. యూనిక్స్ వ్యవస్థలో ఇట్లా ఒక ప్రోగ్రాం ఫలితాన్ని గొట్టం గుండా నీటిని పంపినట్టు మరొక ప్రోగ్రాంకు అందించే ఏర్పాటు ఉన్నది. కాని పాస్‌వర్డు అడిగే ప్రోగ్రాములు అనేకం ఆ గొట్టం వైపు చూడనే చూడవు. నేరుగా టెర్మినల్‌నే తెరచి చదువుతవి. పైగా అడగకముందే టైపయిన అక్షరాలను పారవేసి, ఆ తరువాతనే జవాబు కోసం ఎదురుచూస్తవి. అట్టిచోట ముందుగా పంపిన జవాబు చెవిటివాని ముందు శంఖమూదినట్టే అవుతుంది.

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్టాండర్డ్స్ అండ్ టెక్నాలజీలో పనిచేసిన డాన్ లైబ్స్ 1990లో ఎక్స్‌పెక్ట్‌ను లోకానికి తెలిపారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించిన ‘టికిల్’ అనే భాష దీనికి పునాది. ఇందులో ముఖ్యమైన ఆజ్ఞలు నాలుగు. ‘స్పాన్’ అవతలి ప్రోగ్రాంను మొదలుపెడుతుంది. ఆ ప్రోగ్రాం ఎదుట టెర్మినల్ వలె ప్రవర్తించే ‘సూడో టెర్మినల్’ అనే ఏర్పాటును నిలుపుతుంది గనుక, తాను నిజమైన టెర్మినల్‌తోనే మాట్లాడుతున్నానని ఆ ప్రోగ్రాం అనుకుంటుంది. ‘ఎక్స్‌పెక్ట్’ అనే ఆజ్ఞ ఫలానా మాట అవతలినుండి వచ్చేవరకు కాచుకొని ఉంటుంది. ‘సెండ్’ జవాబు పంపుతుంది. ‘ఇంటరాక్ట్’ పనిని తిరిగి మనిషి చేతికి అప్పగిస్తుంది. ఇట్టి ఆజ్ఞల వరుసను స్క్రిప్టు అంటారు.

దీని గుణం పేరులోనే ఉన్నది. ఎక్స్‌పెక్ట్ అంటే ఎదురుచూచుట. చేతికి తోడు చెవిని కూడా ఇచ్చినది ఈ సాధనం. డిస్కును తనిఖీ చేసే ‘ఎఫ్.ఎస్.సి.కె.’ అనే యూనిక్స్ ప్రోగ్రాం దీనికి మంచి ఉదాహరణ. లోపం కనబడినప్పుడల్లా సరిచేయనా అని అది అడుగుతుంది. మనిషి దగ్గర లేనప్పుడు వాడుకోవడానికి అందులో ఉన్న ఒక సౌకర్యం ఇది: అన్నిటికీ ‘ఔను’ అనవలె, లేదా అన్నిటికీ ‘కాదు’ అనవలె. ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టు ప్రశ్నను బట్టి కొన్నిటికి ఔననీ, కొన్నిటికి కాదనీ చెప్పగలదు. సందేహం వచ్చినచోట మనిషిని పిలిచి పని అప్పగించగలదు. తనకు తెలియనిది మనిషికి వదలడం వివేకం గల పద్ధతి. ఇంతవరకు ఈ సాధనాన్ని మెచ్చుకొనక తప్పదు.

అయితే ఎదురుచూచిన మాట రాకపోతే ఏమి జరగవలె? దోషం ఇక్కడ ఉన్నది. గడువు వేరుగా చెప్పనప్పుడు ఎక్స్‌పెక్ట్ 10 సెకనులు వేచి ఉంటుంది. గడువు తీరితే ఏమి చేయవలెనో స్క్రిప్టులో వ్రాసి ఉంటే అట్లాగే చేస్తుంది. వ్రాయకపోతే, కేక వేయదు, ఆగదు. ఏమీ జరగనట్టే తరువాతి ఆజ్ఞకు పోతుంది.

దీని ఫలితం ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఒక స్క్రిప్టు ప్రతిరాత్రి పాత కంప్యూటరులో ప్రవేశించి లెక్కలు తీయవలె. పాస్‌వర్డు ఇచ్చిన తరువాత, ‘ఆజ్ఞ ఇవ్వండి’ అని తెలిపే గుర్తు, అంటే ప్రాంప్టు, వస్తుందని అది ఎదురుచూస్తుంది. ఆ రాత్రి ప్రాంప్టుకు బదులు, ‘మీ పాస్‌వర్డు గడువు తీరినది, కొత్తది ఇవ్వండి’ అనే ప్రశ్న వచ్చినది. 10 సెకనులు గడిచినవి. స్క్రిప్టు తన దారిన లెక్కలు తీసే ఆజ్ఞను పంపినది. అవతలి ప్రోగ్రాం ఆ వాక్యాన్నే కొత్త పాస్‌వర్డుగా తీసుకొనవచ్చు. అక్కడినుండి ప్రశ్న ఒకటి, జవాబు మరొకటి. గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఆ స్థానంలో గుమాస్తా ఉంటే, తెలియని ప్రశ్న చూడగానే చేయి ఆపి పక్కవారిని అడుగుతాడు. స్క్రిప్టు నడిచే వేళకు పక్కన ఎవరూ ఉండరు గనుకనే ఈ దోషం చిన్నది కాదు.

ఈ విమర్శకు సమాధానం లేకపోలేదు. ‘ఎక్స్‌పెక్ట్ ఆఫ్టర్’ అనే ఆజ్ఞతో, గడువు తీరితే ఆగిపొమ్మని స్క్రిప్టు మొదట్లో ఒక్కసారి వ్రాస్తే, ఆ తరువాతి నిరీక్షణలన్నిటికీ అది వర్తిస్తుంది. సాధనంలో శక్తి ఉన్నది. వాడుకునేవారు వాడుకోవలె అనవచ్చు. కాని ఇంటి విద్యుత్తు మార్గంలోని ఫ్యూజు, ఇంటివారు చెప్పితే గాని తెగనని కూర్చోదు గదా! రక్షణ ఏర్పాటు అడగకుండానే పనిచేయవలె. వద్దనుకున్నవారే దానిని తొలగించుకోవలె. ఇది అసాధ్యమేమీ కాదు. ఎక్స్‌పెక్ట్ ఆలోచననే తీసుకొని పైథాన్ భాషలో తయారైన ‘పి-ఎక్స్‌పెక్ట్’ సాధారణంగా 30 సెకనులు వేచి చూస్తుంది. అనుకున్న మాట రాకపోతే తప్పు జరిగినదని ప్రకటిస్తుంది. వేరే ఏర్పాటు చేసి ఉంటే తప్ప ప్రోగ్రాం అక్కడే నిలిచిపోతుంది. ఈ ఒక్క విషయంలో శిష్యుడు గురువును మించినాడు.

అట్లని పి-ఎక్స్‌పెక్ట్ వాడితే చాలు, ప్రమాదం లేదని అనుకోరాదు. వినకపోవడం ఒక ప్రమాదమైతే, వినీ తప్పుగా అర్థం చేసుకోవడం మరొకటి. పనికిరాని ఫైళ్ళున్న ఫోల్డరులోకి వెళ్ళి, ప్రాంప్టు రాగానే అక్కడివన్నీ తీసివేయమని ఒక స్క్రిప్టు వ్రాశారనుకుందాం. ఆ ఫోల్డరు లేనే లేదు. ‘అట్టి ఫోల్డరు లేదు’ అని చెప్పి యంత్రం మళ్ళీ అదే ప్రాంప్టును చూపినది. స్క్రిప్టు వెదికినది ప్రాంప్టునే గనుక తృప్తి పడి, తాను నిలిచి ఉన్నచోటి ఫైళ్ళను తుడిచివేసినది. 3270 టెర్మినల్‌లోనూ ఇదే పాఠం. అక్కడ ఎంటర్ నొక్కగానే మీటలు బిగుసుకుంటవి. కంప్యూటరు విడిపించిన తరువాతనే మళ్ళీ టైపు చేయవచ్చు. మీటలు విడివడడమే జవాబు వచ్చినదనడానికి గుర్తని తలిస్తే పొరపాటు. తెర పూర్తిగా నిండకముందే అవి విడివడవచ్చు. జాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాం ఫలానా వరుసలో ఫలానా శీర్షిక వచ్చినదో లేదో చూచిగాని ముందుకు పోదు.

మొత్తంమీద ఎక్స్‌పెక్ట్ మంచి ఆలోచనపై నిలిచిన సాధనం. జవాబుకంటె ముందు ప్రశ్నను వినవలెనని అది నేర్పినది. కాని వినబడనప్పుడు ఆగవలెనని నేర్పడం వాడుకునేవారికే వదిలివేసినది. కంప్యూటరు పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈ నాలుగు ఆజ్ఞలతోపాటు, గడువు తీరినప్పుడు ఆగే ఐదవ వాక్యాన్ని కూడా మొదటిరోజే పలకమీద వ్రాయించడం మంచిది. తుడిచివేసే ఆజ్ఞ పంపేముందు ‘ఇప్పుడు ఎక్కడ ఉన్నావు?’ అని యంత్రాన్ని అడిగి, వచ్చిన జవాబును సరిచూచే అలవాటు కూడా విద్యార్థులకు చేయించవలె. ఇందుకు పట్టేది రెండు మూడు వాక్యాలు. తుడుచుకుపోయిన ఫైళ్ళను తిరిగి కూర్చుకోవడానికి నెలలు పట్టవచ్చు.