సూరతు సాక్ష్యములు

ఒక మతము ఒక దేశమున నెట్లు వేరూనినదో తెలియుటకు ప్రత్యక్షసాక్షుల వ్రాతలే ఆధారమని చరిత్రకారు లందురు. మాట నిజమే. కాని సాక్షి ఎక్కడ నిలిచి చూచెను, ఎవరి చెవులతో వినెను అని విచారింపక అతని వాక్యమును ప్రమాణముగా గైకొనరాదు. ఇందుకు సూరతు పట్టణము చక్కని నిదర్శనము.

1613లో ఆంగ్ల వర్తకులు సూరతులో కోఠీ నెలకొల్పిరి. వారితోడనే ప్రొటెస్టెంటు మతమును వచ్చినది. అయితే బోధగా గాదు, కోఠీగోడల నడుమ జరుగు ప్రార్థనగా. అచటి మతగురువు హెన్రీ లార్డు 1630లో బనియాల మతమును, పారసీల మతమును వర్ణించుచు గ్రంథము ప్రకటించి, దానిని కాంటర్బరీ ప్రధానాచార్యునకు అంకిత మొసగెను. పారసీ పురోహితుడు చెప్పగా, కంపెనీ కొలువున చిరకాల ముండి కొంత ఇంగ్లీషు నేర్చిన వేరొక పారసీ దుబాసీగా నుండగా, లార్డు వినెను. కనుక పారసీల విషయమున ఇది చేతులు మారిన సాక్ష్యము. పరమతమును తూచుటకు ఒక ప్రొటెస్టెంటు గురువు ఏ త్రాసు పట్టెనో చెప్పుటలో మాత్రము దీనికి మించిన ప్రత్యక్షసాక్ష్యము లేదు. ఒకే పుటలో రెండు విలువ లున్నవి. వానిని వేరుచేయుటయే విమర్శకుని పని.

రాళ్లును సాక్ష్యము పలుకును. 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెను, 1669లో మరణించిన అతని సోదరుడు జార్జి, సూరతు ఆంగ్ల శ్మశానమున గుమ్మటముల క్రింద నిద్రించుచున్నారు. ఆ కట్టడపు రీతి మొగలాయి ప్రభువుల సమాధులను తలపించును. ప్రార్థన ఇంగ్లండుది, వైభవము హిందూస్థానముది. ఈ సంగతి మతగురువుల పుస్తకములకంటె ఈ సున్నపుగోడలే స్పష్టముగా చెప్పుచున్నవి.

1815లో లండను మిషనరీ సంఘమువారైన స్కిన్నరు, ఫైవీలు సూరతు చేరిరి. వారి గుజరాతీ క్రొత్తనిబంధన 1821లో అచటనే అచ్చయినది. రెండు శతాబ్దులు గోడల లోపల నున్న మతము ఇపుడు జనుల భాషలో వీథికి వచ్చినది. మిషను నివేదికలు చేరినవారి సంఖ్యను చెప్పును. అనువాదము చేరిన భావమును చెప్పును. పాపమునకు, కృపకు, రక్షణకు ఏ దేశీయపదము నెన్నుకొనిరో, ఆ పదము వెంట ఏ పాత అర్థము వచ్చెనో చూచిననే మతము నిజముగా ఎంతదూరము నడచెనో తెలియును.

తెలుగువారికిది పరాయి కథ కాదు. షుల్జు తెలుగు పుస్తకములు 1746 మొదలు జర్మనీలోని హాలేలో అచ్చయినవి. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాను, డెస్ గ్రాంజెసులకు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు అనువాదమున తోడయ్యెను. ఆ తెలుగు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ఈ పుస్తకములను మతప్రచారమని త్రోసివేయువారును, పవిత్రమని పరీక్షింపనివారును ఒక్క తప్పే చేయుచున్నారు: ఇరువురును చదువరు. లార్డు పేరు నిలిచినది, అతనికి భాష నందించిన దుబాసీని లోకము మరచినది. ఆనందరాయరు కాయవస్థ రానీయక, ఆ తెలుగు వాక్యములలో అతని చేయి ఎచట నున్నదో వెదకుట తెలుగు విమర్శకుల బాధ్యత. దేశభాషలో తొలిసాక్షి అనువాదకుడే.