ఒక్క చెలకలో ఏడాది కూడు

జహీరాబాద్ పక్క పల్లెల్లో, వానాకాలం సగంలో ఉండగా ఒక ఎర్ర చెలకను చూస్తే మొదట గజిబిజిగా అనిపిస్తుంది. జొన్న సాళ్ల మధ్య కంది, దాని మొదట్లో పెసర, నేలంతా పరుచుకున్న బొబ్బర, జొన్న దంటును పట్టుకుని ఎగబాకే అనుము తీగ, ఓ పక్క నాలుగు సాళ్ల కొర్ర, గట్టు వెంబడి పుంటికూర. వరిమడి చూసి అలవాటుపడ్డ కంటికి ఎవరో మూటలో మిగిలిన గింజలన్నీ కలిపి విసిరేసినట్టు ఉంటుంది. ఏది ఎప్పుడు కోతకు వస్తుందో లెక్క కట్టడం మొదలుపెట్టాక కానీ ఆ గజిబిజి వెనకున్న నేర్పు కనిపించదు.

పెసర రెండు నెలలు దాటగానే చేతికొస్తుంది. కొర్ర మూడు నెలల లోపే. జొన్న నాలుగు నెలలు తీసుకుంటుంది. అనుములు చలి మొదలయ్యాక కాపుకొస్తాయి. కంది సంక్రాంతి దాకా ఆగుతుంది. మొదటి రెండు నెలలూ కంది మొక్క ఒదిగి ఒదిగి పెరుగుతుంది కాబట్టి జొన్నకు అడ్డు రాదు. జొన్న కోసేశాక ఆ ఖాళీనంతా తానే తీసుకుని గుబురుగా విచ్చుకుంటుంది. దాని వేరు లోతుకు పోయి, జొన్న వేళ్లు అందుకోలేని తడిని తాగుతుంది. రాలిన ఆకు మళ్లీ నేలకే ఎరువు. బొబ్బర తీగ నేలను కప్పి ఉంచడంతో ఎండకు తడి తొందరగా ఆరిపోదు. అనుముకు పందిరి వేయక్కర్లేదు, జొన్న దంటే పందిరి. చలికాలం పంటల్లో అయితే చుట్టూ కుసుమ వేస్తారు. దాని ముళ్లకు జడిసి పశువులు లోపలికి రావు. కంచె నుంచి కూడా నూనె తీసుకునే ఏర్పాటు అన్నమాట.

ఈ పనితనం దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. సంస్థ 1983లో పుట్టింది. కేంద్రం జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్. ఒకప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో డెబ్బై అయిదు ఊళ్ల దాకా విస్తరించిన ఈ సంఘాల్లో దాదాపు అయిదు వేల మంది ఆడవాళ్లున్నారు. ఎక్కువ మంది దళితులు, ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు. ఆ భూమి కూడా రాళ్లూ గులకలూ ఉన్న ఎర్రనేల. వానే ఆధారం. చిరుధాన్యాల గురించి రాసేవాళ్లు సాధారణంగా గింజ దగ్గర మొదలుపెట్టి గింజ దగ్గరే ఆగిపోతారు. ఈ సంఘాల గొప్పతనం గింజలో లేదని నా అభిప్రాయం. గింజకూ గింజకూ మధ్య, ఇంటికీ ఇంటికీ మధ్య వీళ్లు వేసిన ముడుల్లో ఉంది.

1983 అంటే మరో సంగతి కూడా గుర్తుకొస్తుంది. రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మొదలైన ఏడాది అదే. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం తిండికి కొదవ లేనివాళ్లు చేసే పని. కానీ మెట్ట ఊళ్లలో దానికి ఇంకో ముఖం ఉంది. రేషన్ షాపులో వరి బియ్యం చవగ్గా దొరుకుతుంటే, రాళ్ల చెలకలో జొన్న కోసం ఎవరు నడుం వంచుతారు? భూములు బీళ్లు పడ్డాయి. బీడు పడ్డ భూమితోపాటు కూలీ పని పోయింది, పశువుల మేత పోయింది, పప్పు పోయింది, ఆకుకూర పోయింది. మిగిలింది అన్నం ఒక్కటే.

దానికి సంఘాలు వెతుక్కున్న జవాబు తొంభైల మధ్యలో మొదలైన ధాన్యనిధి. బీడు పడ్డ చెలకలకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చారు. ఆ అప్పును రూపాయల్లో కాకుండా జొన్నల్లో, అదీ కొన్నేళ్ల మీద తీర్చాలి. అలా వచ్చిన జొన్నలను ఊళ్లోనే పెద్ద పెద్ద గుమ్ముల్లో నిలవచేసి, వానాకాలం మొదట్లో, అంటే పాత గింజ అయిపోయి కొత్తది ఇంకా రాని ఆషాఢ శ్రావణాల్లో, బాగా తక్కువ ధరకు పేద ఇళ్లకు ఇస్తారు. ఎవరు పేదలు? ఇక్కడే ఆ కూర్పు సొగసు. ఊరంతా ఒకచోట కూర్చుని, ఇంటింటినీ పేరు పెట్టి, అందరి ఎదుటా తేలుస్తుంది. మరీ లేనివాళ్లకు ఎక్కువ, కాస్త ఉన్నవాళ్లకు తక్కువ, కలిగినవాళ్లకు ఏమీ లేదు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పక్కింటి ఆడమనిషికి తెలిసినంతగా ఏ ఆఫీసు కాగితానికీ తెలియదు.

విత్తనాల లెక్క ఇంకా కచ్చితం. సంఘం విత్తన నిధిలో గింజ అమ్మకానికి ఉండదు. తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు తెచ్చి పోయాలి. పచ్చజొన్న, తెల్లజొన్న, కొర్రలు, సామలు, ఆరికెలు, తైదలు, సజ్జలు, కందుల్లో రంగు రంగువి, ఉలవలు, అవిసెలు, నువ్వులు, ఇలా పదుల కొద్దీ రకాలు ఈ దారినే బతికాయి. విత్తనం కోసం పంట కుప్పలోంచి గింజ తీయరు. కోతకు ముందే చేను తిరిగి, గింజ నిండుగా పట్టిన కంకులను, తెగులు సోకని మొక్కలను చూసి విడిగా కోసుకుంటారు. ఎండబెట్టి, కొట్టి, చెరిగి, ఎదురు బుట్టలో పోస్తారు. ఆ బుట్టకు లోపలా బయటా ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తుతారు. గింజలో జల్లించిన బూడిద కలుపుతారు. మధ్య మధ్య ఎండిన వేపాకు, పైన గడ్డి, దాని మీద మట్టి మూత. బూడిద వేయడం చూస్తే ఆచారంలా అనిపిస్తుంది కానీ దాని పని చాలా సూక్ష్మం. గింజకూ గింజకూ మధ్య సందును పూడ్చేసి పురుగును కదలనివ్వదు. పురుగు ఒంటి మీది మైనపు పూతను గీకేస్తుంది. దాంతో పురుగు తనలోని తడి పోయి ఎండి చస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇక వంట. ఈ సంఘాల ఆడవాళ్ల చేతి జొన్నరొట్టె గురించి రాయకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు.

జొన్నపిండిలో గోధుమకుండే సాగే గుణం లేదు. కాబట్టి ముద్దను పట్టి ఉంచేది రెండే: మరిగిన నీళ్లు, తాజా పిండి. వేడి నీళ్లకు పిండిలోని గంజి కొంత ఉడికి జిగురవుతుంది. విసిరిన పిండి రోజులు గడిచేకొద్దీ ఆ జిగురు తగ్గిపోతుంది. పాత పిండితో ఎంత ఒడుపున్న చెయ్యి కొట్టినా అంచులు పగుళ్లిస్తాయి. ముద్దను అరచేతి మడమతో ముందుకు తోస్తూ, మడుస్తూ, మళ్లీ తోస్తూ పిసుకుతారు. అది మెత్తబడ్డాక పొడి పిండి చల్లిన పీట మీద పెట్టి కొడతారు. ఒక చెయ్యి తడుతుంటే ఆ తట్టుడుకే రొట్టె గుండ్రంగా తిరుగుతుంది, రెండో చెయ్యి అంచును కాపలా కాస్తుంది. పెనం మీద వేయగానే పైవైపు తడిగుడ్డతో ఒకసారి తుడుస్తారు. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పాలి. ఆలస్యమైతే పైన బీటలు, తొందరపడితే పెనానికి అంటుకుంటుంది. రెండోవైపు కాలాక నిప్పుల మీద నిలబెడితే లోపలి ఆవిరికి బూరెలా పొంగుతుంది. పొంగిందంటే పిండి, నీళ్లు, మందం, సెగ నాలుగూ సరిపోయాయన్నమాట. పరీక్ష, ఫలితం రెండూ ఆ క్షణంలోనే.

పక్కన ఏముండాలన్నది రొట్టె కంటే ముఖ్యం. అది రుచి కోసం మాత్రమే కాదు. దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే మెడా ముంజేతులూ నల్లబడి పగిలేవి. దాని మీద హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణమని వాళ్ల వాదన. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. జొన్న ఒక్కటే తింటే చాలదన్న సంగతిలో మాత్రం చర్చ లేదు. చిరుధాన్యాలను అద్భుత ఆహారమని డబ్బా కొట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు. మొదట్లో చూసిన ఆ చేనులో దీనికి జవాబుంది. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం కందిలో, అనుములో, బొబ్బరలో ఉంది. పుంటికూర పులుపు గింజలోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. అంబలిని రాత్రంతా పులియబెట్టడమూ అటువంటి పనే చేస్తుంది. చేనులో కలిపి వేసిందే కంచంలో కలిసి వస్తుంది.

గింజల లెక్కలు తెలియనివి కావు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల తైదల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే వరి బియ్యంలో ఎనిమిది కూడా లేదు. సజ్జల్లో ఇనుము ఆరు మిల్లీగ్రాములకు పైనే, బియ్యంలో ఒకటి లోపు. కానీ నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఈ పట్టికల్లో పెద్దగా జాగా దొరకని కూరలు. తుమ్మికూర, దొగ్గలికూర, గంగవాయిలి, గునుగు, తగిరంచ, పొన్నగంటి, అటికమామిడి. ఎవరూ విత్తరు. నాలుగు వానలు పడగానే సాళ్ల మధ్య వాటంతట అవే మొలుస్తాయి. వ్యవసాయ శాఖ భాషలో ఇవి కలుపు. కలుపు తీసే ఆడమనిషి లేతవి ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చి, పప్పులో వేసో, ఎండుమిరప, వెల్లుల్లి దంచి వేయించో పొద్దుటి రొట్టెకు కూర చేస్తుంది. మిగతాది పశువులకు. గునుగు లేతగా ఉన్నప్పుడు కూర, ముదిరాక బతుకమ్మ పువ్వు. కలుపు మందు కొట్టిన చేనులో ఈ వంటకాలన్నీ ఒక్క పూటలో చస్తాయి. సంఘాలు మందు వద్దనడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, వంటింటి కారణమే చాలు.

ఇదంతా పది ఊళ్లకు పంచేది పాత పంటల జాతర. సంక్రాంతికి మొదలై దాదాపు నెల రోజులు, అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. డప్పు, కోలాటం, పాట. బండి ఆగిన చోట గింజలు చూపించి, ఏది ఏ నేలకు పనికొస్తుందో మాట్లాడుకుంటారు. ఊరు వాళ్లకు అన్నం పెడుతుంది. కొత్త శతాబ్దం మొదట్నుంచీ ఏటా నడుస్తున్న ఈ జాతర మాచునూరులో ముగుస్తుంది. వీళ్ల బడి పచ్చసాలె, సంఘం రేడియో ఉన్న ఊరు కూడా అదే. 2008 అక్టోబర్ 15న ఆ రేడియోను ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రాసినాయన. కొర్రన్నం ఎలా వండాలో, ఆరికెలు ఎప్పుడు దంచాలో ఇక్కడి ఆడవాళ్లు ఇక్కడి యాసలోనే ఆ తరంగాల మీద చెప్పుకుంటున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. సంస్థను మొదట్నుంచీ నడిపిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో పోయారు. అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కూడా అదే కావడం వింత.

ఒక్క చోట నా మెప్పుకు ఆటంకం ఉంది. రోలూ రోకలీ పాట వినడానికి బాగుంటుంది కానీ ఆరికెల పొట్టు ఒక పొర కాదు, పొరలు పొరలు. అది దంచి తీయడం నడుములు విరిచే చాకిరీ, అదంతా ఆడవాళ్ల మీదే పడుతుంది. మెట్ట ధాన్యాలు కంచంలోంచి జారిపోవడానికి రెండు రూపాయల బియ్యం ఎంత కారణమో ఈ చాకిరీ కూడా అంతే కారణం. మిల్లు ఊళ్లోకి రావాల్సిందే. అయితే మిల్లు పట్టేవాడు పై పొట్టుతో ఆపకుండా లోపలి తవుడు దాకా గీకేస్తే, ఇనుమూ పీచూ చాలా వరకు ఆ తవుడుతోనే పోతాయి. పట్నం అంగళ్లలో ముత్యాల్లా మెరిసే కొర్రబియ్యం, సామబియ్యం చాలా మటుకు అలా గీకినవే. కాస్త మసకగా, గింజ మీద సన్నని పొర కనిపించేవి అడిగి తీసుకోవాలి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి అవి ఎక్కువ కాలం నిలవ ఉండవు, ముక్కిపోతాయి. నెలకు సరిపడా తెచ్చుకుంటే చాలు. పిండి అయితే వారానికి మించి వద్దు, రొట్టె అంచు పగలకూడదనుకుంటే.