బిగ్ బాస్ ఇంట్లో తండ్రి, గల్ఫ్‌లో తండ్రి

బిగ్ బాస్ మీద వ్యాసం రాయడం పని లేని పని అని మనలో కొందరు పెద్దలు అంటారు. మేము అట్లా అనుకోవడం లేదు. గాంధారి, లింగంపేట, మాచారెడ్డి మండలాల తండాల్లో మక్క కోతల కాలం నుంచి చలి ముదిరే దాకా, మూడు నెలలకు పైగా, రాత్రి తిండి తర్వాత ఏ ఇంటి ముందు నిలబడినా నాగార్జున గొంతు వినపడుతుంది. మన సాహిత్య సభకు యాభై మంది వస్తే పండగ చేసుకుంటాం. మన జనం ఇంత శ్రద్ధగా చూస్తున్నదాన్ని విమర్శకులు చూడకపోతే, మన పిల్లలు మనుషుల మధ్య సంబంధాల గురించి ఏం నేర్చుకుంటున్నారో మనకు తెలియదు. ఎల్లారెడ్డిలో బడి చెప్పే పంతుళ్లకు ఈ సంగతి ఇప్పటికే తెలుసు. సోమవారం రాత్రి నామినేషన్లు అయితే, మంగళవారం పొద్దున తరగతిలో అదే ముచ్చట.

ఈ ఆట మూలం మన దేశంది కాదు. 1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' పేరుతో మొదలైంది. ఆ పేరు జార్జ్ ఆర్వెల్ 1949లో అచ్చువేసిన '1984' నవలలోది. నవలలో పెద్దన్న నిఘా అంటే జనానికి వణుకు. టీవీలో అదే నిఘా వినోదం. హిందీలోకి 2006లో, తెలుగులోకి 2017 జూలై 16న స్టార్ మా ద్వారా వచ్చింది. మొదటి ఏడు జూనియర్ ఎన్టీఆర్, రెండో ఏడు నాని, 2019 నుంచి నాగార్జున నడిపిస్తున్నారు. చరిత్ర ఇంతే చాలు. ఇప్పుడు మేము పట్టించుకునేది ఆరో సీజన్‌లో జరిగిన ఒక పుట్టుక.

2022 సెప్టెంబర్‌లో గాయకుడు రేవంత్ ఆ ఇంట్లోకి వెళ్లాడు. అప్పటికే ఇండియన్ ఐడల్ గెలిచిన మనిషి, పేరున్న గొంతు. వెళ్లేనాటికి భార్య గర్భిణి. సీమంతం ఆయన లేకుండానే జరిగింది, ఆ వీడియోను ఇంట్లో టీవీలో చూసి ఏడ్చాడు. డిసెంబర్ మొదట్లో బయట ఆయనకు ఆడపిల్ల పుట్టింది. ఫోన్ లేదు, పేపర్ లేదు, కబురు బిగ్ బాస్ దయతోనే లోపలికి రావాలి. వచ్చింది. ఇల్లంతా సంబరం చేసింది. అదే నెల 18న ట్రోఫీ కూడా ఆయనదే అయ్యింది.

ఆ కబురు ఘట్టాన్ని తెలుగు నాట లక్షల ఇళ్లు కన్నీళ్లతో చూశాయి. మన తండాల్లోనూ చూశారు. అయితే మన ఆడవాళ్ల కన్నీళ్లకు కారణం వేరు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు వెతకాలి. రెండేళ్ల ఒప్పందం మీద దుబాయికో మస్కట్‌కో పోయిన మొగోడికి బిడ్డ పుట్టిన కబురు వాట్సప్ వీడియోలోనే అందుతుంది. బిడ్డను చేతుల్లోకి తీసుకునే నాటికి ఆ బిడ్డ నడుస్తుంది. కొత్త మనిషిని చూసి జడిసి అమ్మమ్మ కొంగు చాటున దాక్కుంటుంది. ఈ తండ్రి కోసం ఏ నేపథ్య సంగీతమూ మోగలేదు. గల్ఫ్ వరకు పోనక్కర్లేదు, హైదరాబాద్ అడ్డా మీద కూలికి నిలబడే మనవాళ్లలో ఎందరికో ప్రసవం నాడు ఊళ్లో ఉండే యోగం లేదు.

రెండు ఎడబాట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకాయన వంద రోజులకు పైగా ఫోన్ లేకుండా ఉన్నాడు, ఒప్పుకొని, పారితోషికం తీసుకొని. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుసు. ఇంకొకతని చేతిలో ఫోన్ ఉంది, రోజూ మాట్లాడతాడు, కానీ పాస్‌పోర్టు ఎన్నోచోట్ల యజమాని పెట్టెలో ఉంటుంది. మొదటి ఎడబాటును టీవీ 'త్యాగం' అంది. రెండోదానికి మనం కూడా పేరు పెట్టలేదు. మన కథల్లో గల్ఫ్ అంటే ఏజెంట్ మోసం వస్తుంది, అప్పు వస్తుంది, శవపేటిక వస్తుంది. బిడ్డ మొహం ఫోన్ తెర మీద చూసుకొని మళ్లీ డ్యూటీకి పోయిన తండ్రి ఎంతమంది కథల్లో ఉన్నాడు? ఇది మా ఫిర్యాదు, టీవీ మీద కన్నా మన మీదే ఎక్కువ.

బిగ్ బాస్‌లో పసిపిల్లలను వాడుకునే తీరు ఇంకొకటి ఉంది. 'ఫ్యామిలీ వీక్' వారంలో హఠాత్తుగా 'ఫ్రీజ్' అన్న ఆజ్ఞ వస్తుంది. పోటీదారులు ఎక్కడివాళ్లు అక్కడ బొమ్మల్లా నిలబడిపోవాలి. అప్పుడు తలుపు తీసి భార్యనో తల్లినో బిడ్డనో లోపలికి పంపుతారు. పసిబిడ్డ తన మనిషిని గుర్తుపట్టి కాళ్లకు చుట్టుకున్నా, 'రిలీజ్' అనే దాకా వంగి ఎత్తుకోకూడదు. 2020లో కరోనా పేరుతో కుటుంబాలను అద్దం అవతలే నిలబెట్టారు, అది రోగభయం అనుకుందాం. ఈ 'ఫ్రీజ్'కు ఏ రోగమూ కారణం కాదు. ఆ కొద్ది క్షణాల నరకాన్ని కెమెరాకు పట్టించడమే పని. మొత్తం కార్యక్రమంలో మాకు క్రూరంగా కనిపించింది తిట్లు, కొట్లాటలు కావు, ఇదే. పెద్దవాళ్లు ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టారు. ఆ పసిదానికి ఆట అని ఎవరు చెప్పారు?

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. రేవంత్‌కు పుట్టింది ఆడపిల్ల అని తెలిసి అక్కడ ఒక్క మొహం కూడా చిన్నబోలేదు. మన లంబాడి తండాల్లో కూర్చొని ఈ మాట రాయడం తేలిక కాదు. 1999 ప్రాంతంలో దేవరకొండ వైపు తండాల్లో ఆడశిశువులను దత్తత సంస్థలకు అమ్మిన ఉదంతం దేశమంతా పేపర్లకెక్కింది. పేదరికమే కారణమని మనవాళ్లు చెప్పింది నిజం, కానీ పేదరికం మగపిల్లలను అమ్మించలేదు. హోళీకి మనం చేసే ధూండ్ చూడండి. ఏడాదిలోపు పుట్టిన మగబిడ్డ కోసం తండా మొత్తం ఆ ఇంటి ముందు చేరుతుంది. గేరియాలు కర్రలు తాటిస్తూ వాడికి దీవెన పాడతారు, ఇల్లుగలవాళ్లు వచ్చినవాళ్లకు తిండి పెడతారు. ఇంత అందమైన పండగ ఇంకో జాతికి ఉందో లేదో మేము చెప్పలేం. ఒక బిడ్డ పుట్టుకను ఊరంతా తమదిగా చేసుకోవడం అది. కానీ పాత ఆచారంలో అది కొడుక్కే. బిగ్ బాస్ మొదలైన 2017లోనే, అదే ఏడు జూన్‌లో, కేసీఆర్ కిట్ పథకం మొదలైంది. అప్పట్లో సర్కారు దవాఖానాలో కాన్పు అయితే మగపిల్లాడికి 12,000, ఆడపిల్లకు 13,000 అన్నారు. సర్కారు ఆ వెయ్యి ఎందుకు ఎక్కువ పెట్టిందో తండాలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. టీవీలో ఒక తండ్రి కూతురు పుట్టిందని వెక్కి వెక్కి ఏడిస్తే, ఆ వెయ్యి రూపాయలు చేయలేని పని కొంత జరిగి ఉంటుందని మేము నమ్ముతాం. కొంతే.

మగవాళ్ల సంగతి వచ్చింది గనుక ఇంకొకటి. ఆ ఇంట్లో పనిమనుషులు ఉండరు. హీరోలు అంట్లు తోముతారు, ఉల్లిగడ్డలు తరుగుతారు, బాత్రూమ్ కడుగుతారు, రేషన్‌లో గుడ్ల లెక్క దగ్గర కొట్లాడతారు. మన ఆడవాళ్లు ఈ భాగాన్ని భలే చూస్తారు. ప్రేమ సీన్లప్పుడు లేచి పోయినవాళ్లు కూడా వంటగది గొడవ అంటే వచ్చి కూచుంటారు.

ఇక ప్రేమల విషయం. ప్రతి సీజన్‌లో ఒక జంటను పట్టుకొని పాట వేసి, నెమ్మదిగా నడిపించి, కథ అల్లుతారు. దానికి 'ట్రాక్' అని పేరు. రోజంతా తీసిన దృశ్యంలోంచి గంట మిగిలిస్తే, ఏ చూపును ఏ చూపు పక్కన పెట్టాలన్నది ఎడిటర్ చేతిలో పని. 2021లో ఐదో సీజన్‌లో షణ్ముఖ్ జస్వంత్, సిరి హన్మంత్‌ల స్నేహం ఇట్లాగే నడిచింది. ఇద్దరికీ బయట వేరే అనుబంధాలు ఉన్న సంగతి చూసేవాళ్లకు ముందే తెలుసు. సిరి తల్లి లోపలికి వచ్చి ఆ హత్తుకోవడాలు తనకు నచ్చలేదని అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. సీజన్ ముగిసిన కొద్ది రోజులకే, ఆ ఏడు చివరన, దీప్తి సునైన షణ్ముఖ్‌తో తన బంధం ముగిసిందని ప్రకటించింది. వాళ్ల సొంత విషయాల్లో తీర్పు చెప్పడం మా పని కాదు. మేము గమనించింది జనం తీర్పును. పని ఇద్దరిదీ, తిట్లు ఎక్కువ పడింది ఆడపిల్లకు. సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి వచ్చింది ఆడపిల్ల తల్లికి. మొదటి ఎనిమిది టీవీ సీజన్లలో గెలిచినవాళ్లందరూ మగవాళ్లే. 2022లో ఓటీటీలో వచ్చిన 'నాన్‌స్టాప్'లో బిందు మాధవి ఒక్కతే గెలిచింది. ఓట్లు వేసేది మనమే కదా.

మన తీజ్‌ను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. రేగు ముళ్లకు నానిన శనగలు గుచ్చుతుంటే మగపిల్లలు వచ్చి ఆ కొమ్మను ఊపుతారు, ఆటపట్టిస్తారు. అక్కడా అందరూ చూస్తూనే ఉంటారు. పరాచికం ఉంది, అలక ఉంది, కంట నీరు కూడా ఉంది. కానీ చూసేవాడు కూడా ఆ పాటలో ఉన్నవాడే. రేపు ఆ పిల్ల పెళ్లిలో పందిరి వేసేది వాడే. టీవీ ముందు కూచున్నవాడికి ఆ బరువు లేదు, ఫోన్ తీసి ఒక తిట్టు రాసి పడుకుంటాడు. మన కుర్రాళ్లు కొందరు ఇప్పుడు తండా ఆడపిల్లల వాట్సప్ స్టేటస్‌లను కూడా అట్లాగే చూస్తున్నారు, ఎవరితో 'ట్రాక్' నడుస్తోందో లెక్కలు కడుతూ. పోయిన రెండు మూడేళ్లలో ఇట్లాంటి మాటల వల్లే ఆడపిల్లల చదువు మధ్యలో మాన్పించిన ఇళ్లు మాకు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి మమ్మల్ని కూర్చోబెట్టింది ఇదే.

నామినేషన్ల దగ్గరా ఇదే తేడా. మన నసాబ్‌లో నాయక్, కార్‌భారీ, పెద్దలు కూచుంటారు. ఫిర్యాదు చేసినవాడు ఎదుటివాడి మొహం మీదే చెప్పాలి. ఇంతవరకు బిగ్ బాస్ కూడా అంతే. కానీ నసాబ్ చివర జరిమానా వేసి, ఇద్దరినీ మళ్లీ ఒక పంక్తిలో కూచోబెట్టడం పెద్దల పని, ఎందుకంటే మర్నాడు నీళ్లకాడ ఎదురయ్యేది వాళ్లే. బిగ్ బాస్‌లో ఫిర్యాదు ఒకరిని బయటకు పంపడానికే. మన నసాబ్‌ను మేము నెత్తిన పెట్టుకోవడం లేదు. అందులో ఆడదాని గొంతు ఎంత వినిపించిందో మన తల్లులను అడిగితే తెలుస్తుంది. సోమవారం నామినేషన్లలో ఆడవాళ్లు మగవాళ్ల ముందు వేలు చూపించి మాట్లాడుతుంటే మన అమ్మలు ఎందుకంత ఇష్టంగా చూస్తారో అప్పుడు అర్థమవుతుంది.

పల్లెవాళ్లకు ఆ ఇంట్లో చోటు లేదా అంటే ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ 2020లో వెళ్లి, ఒంట్లో బాగుండక అయిదు వారాలకే వచ్చేసింది. 2023లో రైతుబిడ్డనంటూ వెళ్లిన పల్లవి ప్రశాంత్ గెలిచాడు. డిసెంబర్ 17 రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట అభిమానుల గుంపు కార్ల మీద, ఆర్టీసీ బస్సుల మీద పడింది. కేసు, అరెస్టు, బెయిలు అన్నీ టీవీలోనే చూశాం. ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలై అప్పటికి ఎనిమిది రోజులు. అద్దాలు పగిలిన బస్సులు మన అమ్మలు టికెట్ లేకుండా ఎక్కడం అప్పుడే మొదలుపెట్టినవి.

భాష గురించి ఒక ముక్క. ఇంట్లో ఇంగ్లీషు ఎక్కువైతే బిగ్ బాస్ తెలుగులో మాట్లాడమని మందలిస్తాడు. తెలుగుకు అదొక కాపలా, మంచిదే. మన పిల్లలు గోర్ బోలీలో పోట్లాడుకుంటూ మధ్యలో నామినేషన్, ఎలిమినేషన్, టాస్క్, కెప్టెన్ అంటున్నారు. మాటలు చేరినందుకు మాకు బాధ లేదు, భాషలు అట్లాగే బతుకుతాయి. అయితే ఎల్లారెడ్డి వైపు పంతుళ్లు ఒక పని చేసి చూడవచ్చు. 'ఫ్యామిలీ వీక్' నాటి మర్నాడు, గల్ఫ్‌లో నాన్న ఉన్న పిల్లలను ఆయన మొదటిసారి ఇంటికొచ్చిన రోజు గురించి వాళ్ల మాటల్లో, గోర్ బోలీలోనే, తెలుగు లిపిలో రాయమనాలి. ఆ కాగితాలు మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం.