గదిలోకి చూసే కళ్లు

రేపటి లోకం ఎంత ఘోరంగా ఉంటుందో చెప్పే కథల్ని జోస్యాలుగా చదివితే వాటిలోని అసలు విషయం మనకు అందదు. డిస్టోపియా రచయిత జాతకం చెప్పడు. ఇవాళ మనం మామూలే అనుకుని దాటిపోయే ఒక ఏర్పాటును పట్టుకుని, దానికి అడ్డు లేకపోతే ఎక్కడిదాకా పోతుందో చూపిస్తాడు. మంజుల పద్మనాభన్ నాటకం ‘హార్వెస్ట్’ 1997లో ఒనాసిస్ బహుమతి పొందింది. ముంబైలోని కామాఠిపుర గల్లీల్లోనో వర్లీ బీడీడీ చాళ్లలోనో బతికిన తెలుగువాళ్లకు అందులోని ఇల్లు కొత్తగా అనిపించదు. నాటకం ఊహించిన 2010 నాటి ముంబైలో ఒక్క గది, అందులో ఒక కుటుంబం. ఉద్యోగం పోయిన ఓం తన అవయవాలను విదేశీ సంపన్నులకు రాసిచ్చేస్తాడు. కంపెనీ ఆ గదిలో ఒక తెర బిగిస్తుంది. కొనుక్కున్న మనిషి దాంట్లోంచి ఇంట్లోకి చూస్తూ ఉంటుంది. వీళ్లు పదిమందితో కలిసి మరుగుదొడ్డి వాడతారని తెలిసి ఆమె గాభరా పడుతుంది. వెంటనే ఇంట్లోనే ఒకటి కట్టించేస్తారు. కొన్న సరుకు చెడిపోకూడదు కదా! ఉపకారం రూపంలో వచ్చే పెత్తనాన్ని ఇంత సూటిగా పట్టుకున్న సన్నివేశాలు అరుదు.

ఇందులో కల్పన పాలు మనం అనుకున్నంత లేదు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. మరుసటి ఏడు చేసిన అంటువ్యాధుల చట్టం అధికారులకు అసాధారణ అధికారాలిచ్చింది. సోదా బృందాలు పేదల గదుల్లోకి చొరబడ్డాయి. రేవు వ్యాపారం ఆగిపోతుందన్న భయం ఆ తొందర వెనక ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టి, ఇరుకు పేటల్ని పడగొట్టే పని మొదలుపెట్టింది. 1920లలో డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ శ్రామికుల కోసం ఈ బీడీడీ చాళ్లు కట్టింది: కుటుంబానికి 160 చదరపుటడుగుల గది, అంతస్తుకు ఉమ్మడి మరుగుదొడ్లు. ఒక కుటుంబానికి ఎంత చోటు చాలునో ఆ గదిలో ఉండబోయేవాళ్లు తేల్చలేదు.

నిజమైన కష్టం కళ్లెదుట ఉండగా ఊహాలోకం ఎందుకని అడగవచ్చు. నామ్‌దేవ్ ఢసాల్ ఈ పేటల బతుకునే 1972లో మరాఠీలో ‘గోల్‌పిఠా’గా రాశారు, ఆయనకు ఏ భవిష్యత్తూ అవసరం పడలేదు. ఆ కవిత్వం చేసే పని ఇంకేదీ చేయలేదు. అయితే బాధ ఎంతటిదో తెలియడం ఒకటి, ఆ ఏర్పాటు ఎవరికి లాభమో తెలియడం మరొకటి. రెండోదానికి డిస్టోపియా పదునైన పనిముట్టు. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: ఇలాంటి కథలు ఒక పేటను చూసి జడుసుకునే వింతగా మార్చేస్తాయి. కామాఠిపురకు జరిగింది అదే. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసిన కామాఠీల పేరు మీద వెలసిన చోటు అది. సినిమాలకూ నగరపు కబుర్లకూ మాత్రం ఒక్క ఎర్రదీపాల వీధిగానే మిగిలింది. ఆ గల్లీల్లో తరతరాలుగా కాపురాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఆ చూపుకు ఆనవు. చెడ్డ డిస్టోపియా కూడా అలాగే చూస్తుంది; పాఠకుడు భయపడి, తన ఇల్లు భద్రమేనని ఊపిరి పీల్చుకుంటాడు. ‘హార్వెస్ట్’ అలా వదిలిపెట్టదు. ప్రేక్షకులు కూడా చీకట్లో కూర్చుని అదే గదిలోకి తొంగి చూస్తుంటారు. తెర మీద కనిపించిన మొహం కూడా అబద్ధమేనని చివర్లో తెలుస్తుంది. అప్పుడు ఓం భార్య జయ తలుపు బిగించుకుని, ఆ తెర వెనకున్న మనిషితో కావాలంటే నువ్వే స్వయంగా రా అంటుంది.

ఇప్పుడు బీడీడీ చాళ్ల స్థానంలో 500 చదరపుటడుగుల ఫ్లాట్లు లేస్తున్నాయి. కామాఠిపుర పునర్నిర్మాణానికీ ప్రణాళికలు నడుస్తున్నాయి. ఇంట్లోనే మరుగుదొడ్డి రావడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ జయ అడిగినట్టే అడగవలసినవి ఉన్నాయి. ఫ్లాట్లు కట్టగా మిగిలిన నేల ఎవరి చేతికి పోతుంది? పగడీ (పాత అద్దె హక్కు) కాగితం గానీ అద్దె రసీదు గానీ తమ పేరున లేని ఆడవాళ్లను, ఉప అద్దెకున్న కూలీలను ఏ జాబితాలో రాస్తున్నారు?