జోడీ తిరిగితేనే పాట

ఐర్లండ్ పల్లె కుర్రకారు కంట్రీ పాటల వైపు ఎందుకు మళ్లిందని అడిగితే ఎక్కువమంది నేథన్ కార్టర్ పేరే చెబుతారు. 2012లో అతను పాడిన ‘వ్యాగన్ వీల్’ ఊరూరా మోగిన మాట నిజమే. కానీ ఒక్క పాట ఏళ్ల తరబడి హాళ్లు నింపలేదు. నింపింది జైవ్, అంటే జంటలు చేతులు పట్టుకుని తిరిగే నాట్యం. 2014లో అమెరికన్ కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ డబ్లిన్ కచేరీలకు నాలుగు లక్షల టికెట్లు అమ్ముడయ్యాయి, చివరికి ఆ కచేరీలే రద్దయ్యాయి. అలాంటి కచేరీలకు జనం చూడ్డానికి వెళతారు. పల్లె హాలుకు ఆడడానికి వెళతారు. సంప్రదాయాన్ని బతికించేది ఈ రెండో రకం జనమే.

ఈ జైవ్ చూసేవాళ్లకు తేలిక, చేసేవాళ్లకు కాదు. అబ్బాయి ఎడమ చేతి వేళ్లలో అమ్మాయి కుడి చేయి వదులుగా నిలవాలి. పట్టు బిగిస్తే మణికట్టు తిరగదు. ఎటు తిప్పబోతున్నాడో తాళం పడకముందే చేతి కదలికలో తెలియాలి; లాగకూడదు, నెట్టకూడదు. కిక్కిరిసిన హాల్లో పక్క జంటకు మోచేయి తగలకుండా, చిన్న చిన్న అడుగులతో ఉన్నచోటే తిరగాలి. మంచి జోడీలో ఎవరు నడిపిస్తున్నారో, ఎవరు నడుస్తున్నారో కనిపెట్టడం కష్టం. ఎంత హొయలు! ఈ నాట్యానికి పునాది బ్యాండు వెనక వరసలో ఉంటుంది. బేస్ గిటార్ ఒక దెబ్బకు షడ్జమం, మరో దెబ్బకు పంచమం పలికిస్తుంటే మధ్య ఖాళీల్లో స్నేర్ డ్రమ్ము పడుతుంది. కాసిల్‌బ్లేనీ ప్రాంతపు ఐరిష్ గాయకుడు బిగ్ టామ్, 1966లో మొదలైన మెయిన్‌లైనర్స్ బ్యాండుతో, ఈ తాళం మీదే గొంతులో ఏ జిలుగూ లేకుండా పాడుతూనే హాళ్లు కిటకిటలాడించాడు. ఐరిష్ గాయని ఫిలొమీనా బెగ్లీ స్వరం ముందు అమెరికా కంట్రీ సంగీత కేంద్రం నాష్‌విల్ తళుకులు నాకు వెలవెలబోతాయి. మరో ఐరిష్ గాయకుడు లారీ కన్నింగ్‌హామ్ అమెరికన్ కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్‌కు నివాళిగా పాడి 1964లోనే బ్రిటన్ టాప్ 50 పాటల జాబితాలోకి ఎక్కాడు.

ఇదంతా అమెరికా అరువు సొమ్మే కదా అంటారు. అవును, అరువే. జైవ్‌కు మూలం నల్లజాతి అమెరికన్ల నాట్యశాలలు, ఆ రుణం ఒప్పుకోవాలి. అయితే పోటీల్లో ఆడే జైవ్‌లోని తన్నులు, విసుర్లు ఇరుకు హాళ్లలో కుదరవు. అవి రాలిపోయాయి, చేతుల కింద తిరుగుళ్లు మిగిలాయి. నేలను బట్టి ఇంత మారినదాన్ని నకలు అనడం అన్యాయం. అసలు నకలు వేరే ఉంది: రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుని ఒక్కడే మైకు పట్టుకునే ‘బ్యాండు’. ఖర్చు తగ్గుతుందని సమర్థిస్తారు. తగ్గుతుంది, నిజమే. కానీ నేల మీద జంటలు అలసితే డ్రమ్మర్‌కు కనిపిస్తుంది, తర్వాతి పాట వాల్ట్జ్‌కు మారుతుంది. ట్రాక్‌కు కళ్లు లేవు. ఎవరి కాళ్ల కోసం పుట్టిందో వాళ్లనే చూడలేని సంగీతాన్ని ఈ కుర్రాళ్ల నెత్తిన రుద్దడం ద్రోహం. మాక్రా లాంటి గ్రామీణ యువజన సంఘాలు ఈ హాళ్ల నిర్వాహకులను నిలదీయాలి: పోస్టర్ మీద గాయకుడి ఫొటో పక్కనే డ్రమ్మర్ పేరూ, బేస్ వాయించేవాడి పేరూ వెయ్యండి, వాళ్లు లేని రాత్రికి పూర్తి టికెట్ ధర అడగొద్దు.