రౌలెటెడ్ పెంకులు రోమ్ నుంచి వచ్చాయా? – పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల నేపథ్యంలో పునఃపరిశీలన

ఉత్తర తెలంగాణ ప్రాచీన చరిత్రను వివరించే తెలుగు రచనల్లో ఒక తర్కం తరచుగా ఎదురవుతుంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని సాతవాహన స్థలాల్లో రోమన్ నాణేలు, రౌలెటెడ్ పాత్రల పెంకులు దొరికాయి కనుక ఈ ప్రాంతానికి రోమ్‌తో నేరుగా వాణిజ్యం ఉండేదని అంటారు. ఈ ‘కనుక’ అనే మాటను పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

నాణెం తన పుట్టుకను తానే చెప్పుకుంటుంది. చక్రవర్తి పేరు దానిమీదే ఉంటుంది. పెంకుకు ఆ సౌకర్యం లేదు. రౌలెటెడ్ పాత్ర అంటే లోపలి అడుగున వలయాలుగా సన్నని గాట్లు తీర్చిన నున్నని పళ్లెం. 1945 అరికమేడు తవ్వకాల అనంతరం మార్టిమర్ వీలర్ దీనిని మధ్యధరా సంప్రదాయంతో ముడిపెట్టారు. మన పుస్తకాల్లో ఆ అభిప్రాయమే స్థిరపడిపోయింది. అయితే ఆ పాత్రలు రోమన్ వర్తకానికి పూర్వమే వాడుకలో ఉన్నాయని 1980లలో విమలా బెగ్లీ వాదించారు. 1997లో వి.డి. గోగ్టే ఎక్స్-రే డిఫ్రాక్షన్ ద్వారా మట్టిలోని ఖనిజాలను పోల్చి, వాటి మూలం బెంగాల్‌లోని తామ్లుక్–చంద్రకేతుగఢ్ ప్రాంతమని ప్రతిపాదించారు. మూలస్థానంపై చర్చ ఇంకా ముగియలేదు. కానీ ఆ చర్చలో ఇప్పుడు రోమ్ పేరు లేదు.

ఆంఫొరాల సంగతి వేరు. అరికమేడులో దొరికిన కొన్నింటి మట్టిలోని నల్లని అగ్నిపర్వత రేణువులు ఇటలీలోని కంపానియాను సూచిస్తాయి. అటువంటి జాడీ కరీంనగర్ సీమకు ఏ దారిన రావచ్చు? క్రీ.శ. 1వ శతాబ్ది గ్రీకు గ్రంథం పెరిప్లస్ ప్రకారం బరిగాజా (భరూచ్) రేవు నుంచి పైఠాన్ దక్షిణంగా 20 రోజుల ప్రయాణం. పైఠాన్ గోదావరి ఒడ్డున ఉంది. అదే నదికి దిగువన, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా తీరానికి ఎదురుగా, పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల ఉంది. కాబట్టి జాడీ పడమటి నుంచి, పళ్లెం తూర్పు తీరం నుంచి వచ్చాయనుకోవడం నాకు సమంజసంగా తోస్తుంది. ఈ రెంటినీ ‘విదేశీ పాత్రలు’ అనే ఒకే గాటన కట్టడం వల్ల రెండు దారులూ కనుమరుగవుతున్నాయి. బంగాళాఖాతపు వర్తకులకు చెందవలసిన ఖ్యాతి రోమన్ల ఖాతాలో జమవుతున్నది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. బయటి పళ్లేలను చూసి స్థానిక కుమ్మరులు అనుకరించి ఉండవచ్చు. పైపూతను, గాట్లను మాత్రమే చూసి దీనిని తేల్చలేము. ఏ పొరలో దొరికిందో నమోదైన పెంకులనే ఎంచుకుని, పలుచని కోతగా తీసి, పెద్దవాగు ఒడ్డు మట్టితో పక్కపక్కన ఉంచి సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి. చేలల్లో ఏరిన పెంకులు ఇందుకు పనికిరావు.